ముహూర్తం భారతికి తెలియాలి

కరోనా రావడానికి ముందు సంవత్సరం, పుష్యమాసం చివర్లో, పెళ్ళి ప్లానరుగా నేను మొదటి పని ఒప్పుకున్నాను. పెళ్ళి మాఘంలో, పెనుకొండలో. పెళ్ళికూతురిది పెనుకొండ దగ్గర పల్లె, పెళ్ళికొడుకుది ధర్మవరం. నా ఆఫీసు హిందూపురంలో ఒక జిరాక్సు షాపు మీద ఉన్న ఒంటి గది. అందులో ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు పంచాంగం క్యాలెండరు ఉండేవి. అప్పటికి నాకు యాభై రెండేళ్ళు.

అంతకు ముందు పంతొమ్మిదేళ్ళు హిందూపురంలోనే ఒక కల్యాణమండపంలో బుకింగ్ గుమాస్తాగా పనిచేశాను. తేదీలు రాసుకోవడం, గదుల తాళాలు ఇవ్వడం, వంటపాత్రలు లెక్కపెట్టి అప్పగించి మళ్ళీ లెక్కపెట్టి తీసుకోవడం నా పని. ఆ కౌంటరు వెనక కూర్చున్న మనిషికి పెళ్ళిలో ఏది ఎక్కడ తప్పుతుందో బాగా తెలిసిపోతుంది. మేళగాళ్ళకు టిఫిను పెట్టడం మరచిపోతారు. దండలు వంటింట్లో ఉండిపోతాయి. మేనమామ స్టేషన్లో దిగి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు, ఆయన అలిగి రైల్వే క్యాంటీన్లో కూర్చుంటాడు. ఒక మనిషి కాగితం పట్టుకుని పొద్దుటి నుంచి తిరిగితే ఇవేవీ జరగవని నాకు ఎప్పుడూ అనిపించేది. మండపం చేతులు మారినప్పుడు ఉద్యోగం వదిలి, పెళ్ళి ఏర్పాట్లు చూస్తామని కార్డులు కొట్టించాను.

హిందూపురంలో ఈ వృత్తి అప్పటికి కొత్త. బెంగళూరు వాళ్ళు చేసుకునేదని అనుకునేవారు. నాకు ఏళ్ళ తరబడి తెలిసిన టెంట్‌హౌస్ యజమాని కార్డు చూసి నవ్వాడు. "పెండ్లి చేసేదానికి గూడా మేనేజరా సుగుణక్కా? ఇండ్లల్లో మనుషులు లేకుండా పోయినారా?" అన్నాడు. రెండు నెలలు నా మెట్లు ఎవరూ ఎక్కలేదు.

మూడో నెలలో ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. ఇద్దరి మెడల్లోనూ ఊరి బయట బట్టల ఫ్యాక్టరీ గుర్తింపు కార్డులు వేలాడుతున్నాయి. ఏం కావాలమ్మా అని అడిగాను. జవాబు లేదు. కొంచెం గట్టిగా అడిగాను. ఇంకా గట్టిగా అడిగాను. కింద జిరాక్సు షాపులోంచి "ఏమైందక్కా?" అని కేక వచ్చింది గాని, ఎదురుగా ఉన్న వాళ్ళు మాత్రం ఓపికగా నవ్వుతూ నిలబడ్డారు. ఇద్దరిలో పొడుగ్గా ఉన్న అమ్మాయి ఫోన్లో ఏదో టైపు చేసి నా ముందు పెట్టింది.

"నాకు వినపడదు. ఈమెకు కూడా వినపడదు. పెళ్ళి నాది. మీరు చేస్తారా?"

ఆ అమ్మాయి పేరు భారతి. పాతికేళ్ళు. ఫ్యాక్టరీలో కుట్టిన చొక్కాలను పరీక్షించి, లోపం ఉన్నవాటిని పక్కన పెట్టే ఉద్యోగం. పెళ్ళికొడుకు మంజునాథ ధర్మవరంలో పట్టుచీరల అంచులకు కంప్యూటరు మీద డిజైన్లు గీస్తాడు. అతనికీ వినికిడి లేదు. ఇద్దరూ బధిరుల పాఠశాలలో కలిసి చదువుకున్నారు. ఇళ్ళల్లో పెద్దలు ఒప్పుకునే చేస్తున్న పెళ్ళి. ఇదంతా కాగితం మీద ప్రశ్నలూ జవాబులుగా తెలుసుకున్నాను. మీ నాన్నగారు వచ్చారా అని రాస్తే, "పెళ్ళి నాది" అన్న మాటనే మళ్ళీ రాసి కింద గీత గీసింది.

అన్నీ పెద్దలు చూసుకుంటున్నప్పుడు నా అవసరం ఏమిటని అడిగాను. భారతి తన స్నేహితురాలి వైపు చూపించింది. ఆమె పేరు సరస్వతి. రెండేళ్ళ కిందట పెళ్ళైంది. సరస్వతి నా పెన్ను తీసుకుని, తలెత్తకుండా ఇలా రాసింది.

"ఎవరో భుజం పొడిస్తే లేచాను. ఎవరో తల వంచితే వంచాను. అందరూ అక్షింతలు వేస్తున్నారు, ఎందుకో తెలీదు. మెడకు చల్లగా తగిలింది. చూసుకుంటే తాళి ఉంది."

ఆ కాగితం కిందనే భారతి రాసింది. "నాకు అట్ల వద్దు. జరిగేటప్పుడు నాకు తెలియాలి."

పంతొమ్మిదేళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళు చూశానో నాకే లెక్క లేదు. ఈ ప్రశ్న ఒక్కసారి కూడా తట్టలేదు. పని ఒప్పుకున్నాను.

మరుసటి ఆదివారం పాసింజరు రైల్లో పెనుకొండ వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో వాళ్ళ పల్లెకు పోయాను. భారతి తండ్రి అశ్వర్థప్ప మల్బరీ రైతు. ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డులో ఉన్నాడు. అక్కడే ఒక స్టూలు వేయించి, చేతులు తుడుచుకుంటూ నన్ను పరిశీలనగా చూశాడు.

"మా పాప కార్డు చూపిచ్చింది. పెండ్లి చేసేది నువ్వేనంట కదమ్మా. నేనేం చేయల్ల మరి?"

వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాడు. "అల్లుడి కాళ్ళు కడిగేది, కన్యాదానం చేసేది మీరే. మేళగాళ్ళు టిఫిను తిన్నారా లేదా అని చూసేది నేను" అన్నాను. ఆయన నవ్వాడు. ఇంట్లోంచి మజ్జిగ వచ్చింది. మండపం, వంటమేస్త్రి, పందిరి, ధర్మవరం నుంచి వచ్చే బస్సులు, అన్నీ మాట్లాడుకున్నాం. అన్నిటికీ సరే అన్నాడు. చివర్లో, పెళ్ళిలో పురోహితుడు చెప్పేది పిల్లలిద్దరికీ సైగల భాషలో చెప్పడానికి వాళ్ళ పాఠశాల టీచరును పిలుద్దామని అన్నాను. ఆయన ముఖం మారిపోయింది.

"ఇరవై ఐదేండ్లుగా నా బిడ్డకు నేనే కదమ్మా చెప్తాండేది. బస్సులో కండక్టరు అడిగినా, ఆస్పత్రిలో డాక్టరు అడిగినా నేనే. పెండ్లినాడు ఇంగొకరు చెప్పాల్నా?"

నాకు చూపించడానికి, షెడ్డు అవతలి మూల ఉన్న భారతికి చెయ్యి ఊపి, బొటనవేలికి చూపుడువేలు రాసి, అరచేతిని బోర్లించాడు. భారతి వెళ్ళి మల్బరీ ఆకు గంప తెచ్చి, పురుగుల మీద తడిగుడ్డ కప్పింది. "చూసినావా? మా సైగలు మాకుండాయి" అన్నాడు. ఆ మాటలో గర్వం ఉంది, అది న్యాయమైనదే. ఏ పుస్తకంలోనూ లేని భాషను ఆయన బిడ్డ కోసం పొలంలో, షెడ్డులో, ఒక్కో మాటే తయారుచేసుకున్నాడు.

భారతి నా నోటుపుస్తకం తీసుకుంది. "నాయనకు ఆకు తెలుసు. అన్నం తెలుసు. వాన తెలుసు. మంత్రం తెలీదు" అని రాసింది. అశ్వర్థప్ప చదవగలడు. కానీ ఆమె ఆ పేజీ ఆయనకు చూపించలేదు. చింపి, మడిచి, నా చేతిలో పెట్టింది. ఆ తరువాత తండ్రి ముందు కూర్చుని చాలాసేపు ఏదో చెప్పింది. వాళ్ళ సైగలు నాకు తెలియవు గనక ఏం చెప్పిందో నాకు తెలియదు. చివరికి ఆయన నా వైపు తిరిగి, "సరే, ఆయమ్మను నిలబడమను. నా బిడ్డకూ నాకూ నడమ మాత్రం రాకూడదు" అన్నాడు.

టీచరు పేరు ఎస్తేరమ్మ. ఆమడగూరు వైపు ఒక పల్లె నుంచి వచ్చిన మనిషి. భారతికీ మంజునాథకూ అక్షరాలు నేర్పింది ఆవిడే. అడగ్గానే వస్తానంది. కానీ ఒక సందేహం వెలిబుచ్చింది. "నేను చర్చికి పోయేదాన్ని. పీటల కాడ నిలబడితే మీ అయ్యగారు ఏమన్నా అంటాడేమో, ముందే అడగండమ్మా. ఆ పొద్దు పిల్లోల్ల ముందర మాట పడలేను."

పురోహితుడు నరసింహ శర్మగారు కదిరి నుంచి వచ్చి పెనుకొండలో స్థిరపడినవారు. ఆయన్నూ టీచరునూ ఒకచోట కూర్చోబెట్టి, భయపడుతూనే విషయం చెప్పాను. ఆయన ఎస్తేరమ్మను ఒక్కటే అడిగారు. "మంత్రం పొడుగునా చెప్తారా, అర్థం చెప్తారా?" అర్థమే చెప్తానని ఆవిడ అంది. "అయితే రాసుకోండి" అని ఆయన మొదలుపెట్టారు. మధ్యాహ్నం భోజనం అయిన దగ్గర్నుంచి పొద్దువాలే దాకా ఆయన చెప్పడం, ఆవిడ రాసుకోవడం, మధ్యలో చేతులతో ఒకటి చేసి చూసి, సరిపోలేదని ఇంకొకటి చేయడం. రెండు చోట్ల ఆయన ఆగి, రేపు చెప్తానన్నారు. ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పారట. ముప్పై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు చేయిస్తున్నాను, అర్థం రాసుకున్నవాళ్ళను చూడడం ఇదే మొదటిసారి అని తరువాత నాతో అన్నారు.

మా వృత్తి సంగతి కొంచెం చెప్పాలి. పెళ్ళి ప్లానరు ముఖ్యమైన పని ముహూర్తం నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ రావడం. జీలకర్ర బెల్లం పది గంటల పన్నెండు నిమిషాలకు అంటే, కన్యాదానం తొమ్మిదిన్నరకు మొదలవ్వాలి. అంటే గౌరీపూజ ఎనిమిదీ నలభైకి. అంటే అమ్మాయి అలంకరణ ఐదున్నరకు. అంటే నీళ్ళ పొయ్యి నాలుగుకు. ఇలా ఎన్ని గంటలకు ఎవరు ఎక్కడ ఉండాలో రాసే కాగితాన్ని రన్‌షీట్ అంటారు. నా మొదటి రన్‌షీట్ తొమ్మిది పేజీలు వచ్చింది. అందులో కొత్త సంగతులు చాలా ఉన్నాయి. వినికిడి లేని స్నేహితులు నలభై మంది దాకా వస్తారని భారతి చెప్పింది. వాళ్ళు మాట్లాడుకోవాలంటే ఒకరి ముఖం ఒకరికి కనపడాలి, అందుకని హాల్లో ఎడమ వైపు కుర్చీలను వరసలుగా కాకుండా అర్ధచంద్రంలా వేయించాను. భోజనాల బల్లలను ఎదురెదురుగా వేయమన్నాను. వెనక నుంచి "ఇంగొంచెం వేయాల్నా?" అని అడిగితే వాళ్ళకు తెలియదు కాబట్టి వడ్డించేవాళ్ళు ముందు నుంచే రావాలని వంటమేస్త్రికి రెండుసార్లు చెప్పాను.

టీచరు నిలబడే చోటు ఎక్కువ సమయం తీసుకుంది. ముహూర్తం వేళకు వధూవరులు ఎదురెదురుగా కూర్చుంటారు, మధ్యలో అడ్డుతెర ఉంటుంది. తెరకు ఒక కొస హాలు వైపు, ఇంకో కొస స్టేజీ వెనక గోడ వైపు. హాలు వైపు నిలబెడితే వీడియోకు అడ్డం. వెనక కొసన నిలబెడితే ఇద్దరికీ కనపడుతుంది, హాల్లో ఉన్న స్నేహితులకూ కనపడుతుంది. అక్కడ గుర్తుగా ముగ్గుపిండితో చిన్న చతురస్రం గీశాను. చేతులు స్పష్టంగా తెలియాలని టీచరు అంచులేని ముదురు నీలం చీర కట్టుకుంటానంది.

పెళ్ళికి ముందురోజు సాయంత్రం స్టేజీ సిద్ధమైంది. వెనక గోడంతా పసుపుపచ్చ బల్బుల తోరణాలు. టీచరును ఆ చతురస్రంలో నిలబెట్టి, నేను హాలు చివరికి నడిచి చూసి సంతోషించాను. భారతి వచ్చి, రేపు తన పీట ఉండే చోట నేలమీద కూర్చుని, పైకి చూసి, తల అడ్డంగా ఊపింది. ఫోన్లో టైపు చేసింది. "టీచర్ నల్లగా ఉంది. చేతులు లేవు."

వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. నిజమే. వెనక నుంచి వచ్చే వెలుతురులో టీచరు ఒక నీడలా ఉంది, వేళ్ళు ఏవో ముఖం ఏదో తెలియడం లేదు. ఆ గోడ మీద బల్బులు తీసేయమంటే డెకరేషన్ చేసిన అబ్బాయి మొత్తుకున్నాడు. "అక్కా, బ్యాక్‌లైటు తీస్తే స్టేజీ సచ్చిపోతాది. వీడియో యాడ బాగొస్తాది?" భారతి అతని ముందు నిలబడి, బల్బుల వైపు చూపించి, రెండు అరచేతులతో తన కళ్ళు మూసుకుంది. అతను టీచరు వెనక భాగం చీకటి చేసి, ఎదురుగా పైనుంచి ఒక తెల్లలైటు దించాడు. అది తప్పిపోయి ఉంటే మరునాడు ఏం జరిగేదో అని ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. పెద్ద పొరపాటు పట్టుబడింది కదా, ఇక ఏమీ లేదనుకున్నాను.

తెల్లవారి అంతా రన్‌షీట్ ప్రకారమే నడిచింది. మేళగాళ్ళు ఏడింటికే టిఫిను తిన్నారు. కన్యాదానంలో వరుడు మామగారికి మాట ఇవ్వాలి. ధర్మంలో, అర్థంలో, కామంలో ఈమెను అతిక్రమించను అని మూడుసార్లు చెప్పాలి. మంజునాథ తరఫున అతని మేనమామ పలకాలని ముందు అనుకున్నారు. శర్మగారే వద్దన్నారు. ఆయన అడిగింది టీచరు చేతులతో చెప్పింది. మంజునాథ అశ్వర్థప్ప కళ్ళలోకి చూస్తూ చేతులతో జవాబు చెప్పాడు. టీచరు దాన్ని నోటితో పలికింది. "దాటను." మళ్ళీ, "దాటను." మూడోసారి, "దాటను." అశ్వర్థప్ప కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

వధూవరుల మధ్య అడ్డుతెర ఎత్తి పట్టారు. ఇద్దరి చేతుల్లో తమలపాకు మీద జీలకర్ర బెల్లం. ఇక్కడ నేను ఒక తప్పు చేసి ఉన్నాను, అది చెప్పుకోవాలి. గట్టిమేళం మొదలవగానే బంధువులంతా లేచి అక్షింతలతో స్టేజీ మీదికి వస్తారని పంతొమ్మిదేళ్ళ అనుభవంతో నాకు తెలుసు. వీడియో తీసేవాళ్ళకు ఎక్కడ నిలబడాలో చెప్పాను. బంధువులను మాత్రం కూర్చునే ఉండమని చెప్పలేదు. మొదటి పెళ్ళి, పెద్దవాళ్ళను నొప్పించడం ఎందుకని ఊరుకున్నాను.

శర్మగారు చెయ్యెత్తారు. సన్నాయి, డోలు ఒక్కసారిగా అందుకున్నాయి. హాలంతా లేచింది. రెండు వైపుల ఆడవాళ్ళూ మెట్లెక్కి వచ్చి తెర చుట్టూ మూగారు. అప్పుడే అశ్వర్థప్ప తన పీట మీది నుంచి లేచి, తెర కొసకు వచ్చి, సరిగ్గా టీచరుకు ముందు నిలబడ్డాడు. బిడ్డ వైపు చూస్తూ, చెయ్యి పైనుంచి కిందికి దించుతూ, తమ ఇంటి సైగలో "పెట్టు" అని చెప్తున్నాడు. ఆయన భుజాల వెనక టీచరు కనపడకుండా పోయింది.

భారతి టీచరు కోసం చూసింది. అటూ ఇటూ వంగి చూసింది. తరువాత చెయ్యి వెనక్కి తీసుకుని, తమలపాకుతో సహా ఒళ్ళో పెట్టుకుంది.

వెనక ఉన్న మేనత్త ఆమె మోచెయ్యి పట్టుకుని ముందుకు తోసింది. "పెట్టు పాపా, పెట్టు! ముహూర్తం పోతాండాది!" భారతి మోచెయ్యి విదిలించుకుంది. తెర అవతల మంజునాథకూ ఏమీ కనపడక, ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి ఆగిపోయాడు. నేను స్టేజీ మెట్ల దగ్గర మైకు పట్టుకుని అందరినీ కూర్చోమని అరుస్తున్నాను. మేళం హోరులో నా మాట నాకే వినపడలేదు. పైగా గట్టిమేళం వేళ మైకు తగ్గించమని సౌండు అబ్బాయికి చెప్పింది నేనే. వినగలిగినవాళ్ళు మూడు వందల మంది ఉన్నారు, ఒక్కరికీ నేను ఒక్క మాట చెప్పలేకపోయాను.

హాల్లో లైట్లు ఆరిపోయాయి. వెలిగాయి. మళ్ళీ ఆరి, మళ్ళీ వెలిగాయి. కరెంటు పోయిందనుకుని అందరూ తలలు తిప్పారు. మేళం తడబడి ఆగింది. గుమ్మం పక్కన స్విచ్‌బోర్డు దగ్గర సరస్వతి నిలబడి ఉంది. గది నిండా ఉన్న మనుషులను పిలవాలంటే వాళ్ళు చేసే పద్ధతి అదేనని నాకు తరువాత తెలిసింది. ఎడమ వైపు ఉన్న నలభై మంది స్నేహితులు లేచి, ఒకేసారి రెండు చేతులూ ఎత్తి, అరచేతులను మెల్లగా కిందికి దించారు. కూర్చోండి. దానికి టీచరు అక్కర్లేకపోయింది. ఆడవాళ్ళు కొందరు సిగ్గుపడుతూ, కొందరు నవ్వుతూ, ఉన్నచోటే కూర్చున్నారు.

అశ్వర్థప్ప ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన వీపు హాలు వైపు కాదు కాబట్టి ముఖం నాకు బాగా కనపడుతోంది. మళ్ళీ చెయ్యి దించి చూపించాడు. పెట్టమ్మా.

భారతి శర్మగారి పెదాల వైపు వేలు చూపించి, అరచెయ్యి పైకి తిప్పింది. ఆయన ఏమంటున్నాడు? ఆ సైగ నాకు కూడా అర్థమైంది.

అశ్వర్థప్ప చెయ్యి పైకి లేచింది. గాలిలో ఏదో వెతికినట్టు ఆగింది. ఆయన శర్మగారి వైపు చూశాడు, తన చేతి వైపు చూసుకున్నాడు, మళ్ళీ బిడ్డ వైపు చూశాడు. చెయ్యి కిందికి దిగింది. వెనక్కి తిరిగితే టీచరు అక్కడే ఉంది, తన చతురస్రంలో, రెండు చేతులూ సిద్ధంగా పెట్టుకుని. అప్పటిదాకా ఆవిడ ఒక్క మాట అనలేదు, ఆయన్ను జరగమని భుజం తట్టలేదు.

"రామ్మా, ముందుకు రా" అన్నాడు ఆయన. "నాకు తెల్దు. నువ్వు చెప్పు." పక్కకు జరిగి, వెళ్ళి భార్య పక్కన పీట మీద కూర్చున్నాడు.

ముహూర్తం అంటే ఒక్క క్షణం అని చాలామంది అనుకుంటారు. పంచాంగం ప్రకారం దానికీ కొన్ని నిమిషాల నిడివి ఉంటుంది. శర్మగారు గడియారం చూసుకుని, "ఇంకా ఆరు నిమిషాలు ఉంది, ఎవరూ తొందరపడొద్దు" అని, మంత్రాన్ని మొదటి నుంచి అందుకున్నారు. టీచరు చేతులు కదిలాయి. దేవతలు మీ ఇద్దరినీ కదలకుండా నిలబెట్టుదురు గాక అని ఆ మంత్రానికి ఆయన చెప్పిన అర్థం. భారతి చివరిదాకా చూసింది. తెలిసిందన్నట్టు తలూపింది. తరువాత తనంతట తాను చెయ్యెత్తి, మంజునాథ తల మీద జీలకర్ర బెల్లం పెట్టింది. అతనూ పెట్టాడు. మేళం మళ్ళీ అందుకుంది. అక్షింతలు ఎవరు కూర్చున్నచోటి నుంచి వాళ్ళు వేశారు, చాలావరకు ముందు వరసలోనివాళ్ళ నెత్తిన పడ్డాయి.

తాళి కట్టేటప్పుడు ఎవరూ లేవలేదు. భారతి తల వంచే ముందు టీచరు చేతులు చూసింది. తరువాత తనే వంచింది. హాల్లో సరస్వతి స్విచ్‌బోర్డు దగ్గరే నిలబడి, మళ్ళీ అవసరం వస్తుందేమో అన్నట్టు, చెయ్యి దాని మీదే పెట్టుకుని ఉంది. ఆమె ఏడుస్తోంది.

భోజనాల వేళ అశ్వర్థప్ప టీచరు బల్ల దగ్గరికి వచ్చాడు. తన విస్తరి ఆవిడకు ఎదురుగా వేయించుకుని కూర్చున్నాడు. పప్పన్నం కలుపుకుంటూ అడిగాడు. "కదలకుండా నిలబెట్టేది అని చెప్పినావు గదమ్మా. అది చేత్తో ఎట్ల చెప్తారు? నాకొకతూరి చూపీ."

ఎస్తేరమ్మ ఎడమ చేత్తో చూపించింది, కుడిచెయ్యి ఎంగిలి గనక. ఆయనా ఎడమ చేత్తో చేశాడు. తప్పు చేశాడు. ఆవిడ మళ్ళీ చూపించింది. వడ్డించేవాడు ముందు నుంచి వచ్చి సాంబారు బకెట్టు పట్టుకుని ఎదురుచూస్తుంటే, "ఉండప్పా, పని ఉండాది" అని అతన్ని ఆపి ఇంకోసారి చేసి చూపించాడు. ఈసారి సరిపోయింది. సాయంత్రం ధర్మవరం బస్సు బయల్దేరే ముందు కిటికీ పక్కన కూర్చున్న బిడ్డకు కిందనుంచి ఆ సైగ చేశాడు. భారతి అదే తిరిగి చేసింది. తరువాత ఆకు సైగ ఒకటి చేసింది, బొటనవేలికి చూపుడువేలు రాసి. పురుగులకు ఆకు వేయడం మరవొద్దని కాబోలు. ఆయన తలూపాడు.

అంతా బాగానే ముగిసినా, మంజునాథ మేనమామ వెళ్ళేముందు నన్ను పక్కకు పిలిచాడు. "అమ్మా, పెండ్లి స్విచ్‌బోర్డు వల్లనే నిలబడింది ఈ పొద్దు. ఆ పాప లైట్లు తీయకపోయింటే ఏం చేస్తాంటివి?" అని అడిగాడు. ఆయన అడిగింది సరైన ప్రశ్నే. నా తొమ్మిది పేజీల కాగితంలో వంటవాళ్ళకు, మేళగాళ్ళకు, బస్సు డ్రైవర్లకు, పూలవాడికి కూడా ఎప్పుడు ఏం చేయాలో రాసి ఉంది. జరుగుతున్నది పెళ్ళికూతురికి తెలియాలన్న ఏకైక కోరికను మాత్రం ఒక టీచరుకూ ఒక ముగ్గు చతురస్రానికీ వదిలేశాను. దానికి అడ్డం వచ్చే మనుషులతో మాట్లాడాల్సిన పని నాది, అది చేయలేదు.

ఆ తరువాత మోకాళ్ళు సహకరించక గత ఏడాది మానేసేదాకా, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల చాలా పెళ్ళిళ్ళు చేశాను. ఎక్కువ మంది వినగలిగినవాళ్ళే. అయినా కొన్ని అలవాట్లు ఆ పెళ్ళి నుంచే వచ్చాయి. ముందురోజు సాయంత్రం పెళ్ళికూతురి పీట ఉండే చోట నేను కూర్చుని చూసేదాన్ని. గట్టిమేళానికి ముందు బంధువులతో నేనే మైకులో మాట్లాడేదాన్ని, నొచ్చుకున్నా సరే. రన్‌షీట్‌లో ప్రతి ఘట్టం పక్కన ఒక గడి పెంచాను. ఇది వధూవరులకు ఎవరు చెప్తారు, ఎప్పుడు చెప్తారు అని అందులో రాసేదాన్ని. కన్యాదానానికి పది నిమిషాలు ఎక్కువ వేసి, ఆ సమయంలో అర్థం చెప్పమని పురోహితులను అడిగేదాన్ని. కొన్ని ఇళ్ళల్లో వద్దన్నారు, ఆలస్యమవుతుందన్నారు. ఆ పెళ్ళిళ్ళూ చేశాను, టైముకే ముగిశాయి.

పెళ్ళి అనుకున్న వేళకు జరగడం ఒక పని. జరుగుతున్నది పీటల మీద ఉన్నవాళ్ళకు తెలియడం వేరే పని. రెండూ ప్లానరు బాధ్యతే. మొదటిది నేను పంతొమ్మిదేళ్ళు కౌంటరు వెనక కూర్చుని నేర్చుకున్నాను. రెండోది నా మొదటి క్లయింటు నేర్పింది.